కుండలోని విషమును చూచి కేక వేసినవారు
పురుగుమందుల ప్రమాదమును గూర్చిన రచనలు, తెలుగు నేల: ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతము

రాజులు రెండవ గ్రంథము 4:38-41లో నాలుగే వచనములలో ముగిసిపోయే ఒక సంఘటన ఉన్నది. గిల్గాలులో కరవు. ప్రవక్తల శిష్యులు ఎలీషా యెదుట కూర్చున్నారు. వారికి వంట చేయుటకు పెద్ద కుండ పొయ్యి మీద ఉన్నది. ఒకడు కూర కొరకు పొలములోనికి వెళ్లి, ఏ తీగెకు కాచినవో ఎరుగకనే కాయలు ఒడినిండ కోసి తెచ్చి కుండలో తరిగివేశాడు. వడ్డించిన తరువాత, తినుచున్నవారే దానిలో మరణమున్నదని కేక వేశారు. అప్పుడు ఎలీషా పిండి తెప్పించి కుండలో వేయించాడు. ఆహారము మేలైనది.

ఈ భాగము మీద మనము సాధారణముగా పిండిని గూర్చి, ప్రవక్త విశ్వాసమును గూర్చి ప్రసంగిస్తాము. ఈ వ్యాసములో మేము మధ్యలోనున్న కేకను గూర్చి ఆలోచింపదలచినాము. విషమును కుండలో వేసినవానికి దురుద్దేశము లేదు. ఆకలి తీర్చవలెననే వెళ్లినాడు. అతనికి కొరవడినది తెలివిడి. కేక వేసినవారు పండితులు కారు, తినుచున్నవారు. వారు మొగమాటపడి ఊరకుండినయెడల పిండి అవసరమన్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

గత డెబ్బది, ఎనుబది సంవత్సరములలో మన ఆహారపు కుండలోనికి పురుగుమందులు వచ్చిన విధము దీనిని పోలియున్నది. అవి కూడా కరవును, జ్వరమును ఎదుర్కొనుటకే వచ్చినవి. వాటిలోని ప్రమాదమును మొదట పసిగట్టి కేక వేసినవారిలో రచయితలు, విలేఖరులు, వైద్యులు, గ్రామస్త్రీలు ఉన్నారు. ఆ కేక ఎట్లు పుట్టినది, తెలుగు నేలకు ఏ రూపములో చేరినది, ఎంతవరకు పనిచేసినది, సంఘము అప్పుడు ఎక్కడ ఉన్నది అనునవే ఈ వ్యాసములోని ప్రశ్నలు.

2. బేగంపేట నుండి పంజగుట్ట వరకు

ఈ చరిత్రను హైదరాబాదులోని అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతము నుండి మొదలుపెట్టుటకు కారణమున్నది. అమీర్‌పేటను ఆనుకొనియున్న బేగంపేటలో ఒక పాత భవనములో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. దోమయే మలేరియాను మోసుకొని తిరుగుచున్నదని ఋజువగుటకు అది దారితీసినది. దోమను చంపగలిగితే జ్వరము ఆగునన్న ఆశ అక్కడినుండి బలపడినది. 1939లో పాల్ ముల్లర్ అను స్విస్ రసాయన శాస్త్రవేత్త డీడీటీకి కీటకములను చంపే గుణమున్నదని కనుగొన్నప్పుడు ఆ ఆశకు ఆయుధము దొరికినది. ఆయనకు 1948లో నోబెల్ బహుమానము లభించినది. మన దేశములో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలై, ఇండ్ల గోడలకు డీడీటీ చల్లినారు. దానివలన లక్షలాది ప్రాణములు దక్కినవి. ఈ సంగతిని దాచిపెట్టి పురుగుమందుల చరిత్ర వ్రాసినయెడల అది న్యాయము కాదు.

అదే ప్రాంతములో, పంజగుట్టలోని నాగార్జున హిల్స్‌లో నాగార్జున ఫెర్టిలైజర్స్, నాగార్జున అగ్రికెమ్ వంటి ఎరువుల, పురుగుమందుల సంస్థల కార్యాలయములు వెలసినవి. కొంత దూరములో, 1964లో ఎముకల ఆస్పత్రిగా మొదలైన నిమ్స్ ఉన్నది. రాష్ట్రపు నలుమూలలనుండి రోగులు అక్కడికి వస్తారు. ఆ పక్కనే సోమాజిగూడనుండి ఈనాడు దినపత్రిక చాలా ఏండ్లు వెలువడినది. ఆ సంస్థవారిదే 1969లో మొదలైన 'అన్నదాత' వ్యవసాయ మాసపత్రిక. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు వరంగల్లు, ఖమ్మము, గుంటూరు జిల్లాలనుండి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకొనిన వేలాది యువతీయువకులలో ఎందరి ఫీజులో పత్తి, మిరప డబ్బుతో కట్టినవే. మందును అమ్మే కార్యాలయము, దానిని గూర్చి వ్రాసే పత్రిక, రోగిని చూచే ఆస్పత్రి, రైతుబిడ్డ చదువు, ఇవన్నీ కాలినడకన చుట్టిరాగల స్థలములో ఉన్నవి. పట్టణ సంఘములకు పొలము దూరపు సంగతి కాదని చెప్పుటకే దీనిని వ్రాయుచున్నాము.

3. 'మందు' అను మాట

మన భాషలో ఈ రసాయనములకు స్థిరపడిన పేరు పురుగుమందు. జ్వరమునకు మందు, పుండుకు మందు, పురుగుకు మందు. రైతు 'మందు కొట్టుట' అంటాడే గాని విషము చల్లుట అనడు. దుకాణములో కూడ 'ఈ తెగులుకు ఏ మందు?' అనే అడుగుతారు. హరిత విప్లవపు తొలి దశాబ్దములలో రేడియోలోని వ్యవసాయ కార్యక్రమములు, వ్యవసాయ పత్రికలు ఏ పురుగుకు ఏ మందు, లీటరు నీటికి ఎన్ని మిల్లీలీటర్లు అని చెప్పేవి. ఆనాటి అవసరము అది. అయితే మందు అన్న పేరువలన ఆ సీసాకు వైద్యుని గౌరవము వచ్చినది. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అను భావము కూడ వచ్చినది.

అదే మాట పల్లెలలో మరియొక అర్థమును కూడ సంతరించుకొన్నది. ఫలానావాడు 'మందు తాగినాడు' అన్న కబురు వచ్చినప్పుడు అది సారా సంగతి కాకపోవచ్చునని పాస్టరుకు వెంటనే అర్థమవుతుంది. రక్షించేదానికీ చంపేదానికీ ఒకే పేరుండుట మనకు అలవాటైపోయినది. పర్యావరణ రచనలు చేసిన మొదటి పని ఈ పేరును ప్రశ్నించుట. ఇది మందా, విషమా?

4. ఒక ఉత్తరము, ఒక పుస్తకము

ప్రపంచ చరిత్రలో ఈ ప్రశ్నను గట్టిగా అడిగిన గ్రంథము రేచెల్ కార్సన్ వ్రాసిన 'సైలెంట్ స్ప్రింగ్'. ఆమె 1907లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో జన్మించినది. తల్లి ప్రెస్బిటేరియన్ పాదిరి కుమార్తె. కార్సన్ సముద్ర జీవశాస్త్రము చదివి, ప్రభుత్వ మత్స్య, వన్యప్రాణి శాఖలో పనిచేసి, సముద్రమును గూర్చి వ్రాసిన పుస్తకములతో పేరు పొందినది.

1958 జనవరిలో మసాచుసెట్స్‌లోని ఆమె స్నేహితురాలు ఓల్గా హకిన్స్ ఒక పత్రిక సంపాదకునికి ఉత్తరము వ్రాసినది. దోమల నిర్మూలనకని విమానమునుండి డీడీటీ చల్లిన తరువాత తమ ఆవరణలోని పక్షులు చనిపోయినవని అందులో ఫిర్యాదు. ఆ ఉత్తరపు ప్రతి కార్సన్‌కు చేరినది. అప్పటికే ఈ రసాయనములను గూర్చి ఆందోళన కలిగియున్న ఆమె నాలుగు సంవత్సరములు శాస్త్ర పత్రములను సేకరించి పుస్తకము వ్రాసినది. 1962 జూన్‌లో న్యూయార్కర్ పత్రికలో భాగములుగాను, అదే సంవత్సరము సెప్టెంబరులో పుస్తకముగాను అది వెలువడినది.

ఆమె వాదమును కొందరు వక్రీకరించినారు గనుక సరిగా చెప్పవలెను. రసాయనములన్నిటిని నిషేధింపుమని ఆమె అడుగలేదు. వాటి స్వభావము తెలియకుండ, విచక్షణ లేకుండ, ప్రజలకు చెప్పకుండ వాడుటను ఆక్షేపించినది. డీడీటీ త్వరగా విచ్ఛిన్నము కాదు. అది కొవ్వులో నిలువయుంటుంది. నీటిలోనుండి నాచుకు, నాచునుండి చేపకు, చేపనుండి పక్షికి పోవుచు ప్రతి మెట్టులోను దాని సాంద్రత పెరుగుతుంది. పురుగులు కాలక్రమమున తట్టుకొను శక్తి సంపాదించుకొంటవి. అప్పుడు ఇంకా బలమైన విషము కావలసివస్తుంది. ఈ సంగతులు శాస్త్రజ్ఞులకు కొంత తెలిసినవే. కార్సన్ వాటిని గృహిణికి, బడిపంతులుకు అర్థమగు మాటలలో చెప్పినది.

రసాయన పరిశ్రమ ఆమెను తీవ్రముగా ఎదిరించినది. ఆమె అప్పటికే క్యాన్సరుతో బాధపడుచున్నది. 1963 మే నెలలో అధ్యక్షుని శాస్త్ర సలహా సంఘము వెలువరించిన నివేదిక ఆమె హెచ్చరికలను చాలవరకు బలపరచినది. 1964 ఏప్రిల్ 14న ఆమె మరణించినది. 1972లో అమెరికా డీడీటీ వాడకమును దాదాపుగా నిషేధించినది. వేదాంత విద్యార్థులు గమనింపదగినది ఇంకొకటి ఉన్నది. కార్సన్ తన పుస్తకమును ఆల్బర్ట్ ష్వైట్జర్‌కు అంకితమిచ్చినది. యేసు జీవిత పరిశోధనను గూర్చి మనము పాఠ్యాంశముగా చదివే ఆ వేదాంతి, ఆఫ్రికాలో వైద్య మిషనెరీ, జీవము పట్ల భక్తిభావము అను నీతిని బోధించినవాడు.

5. మన దేశములో మేల్కొలుపు

మన దేశమునకు హెచ్చరిక కార్సన్ పుస్తకము కంటె ముందే వచ్చినది. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయినారు. ఆహారపు బస్తాలను, విషపు డబ్బాలను ఒకే ఓడలో కలిపి రవాణా చేయుట కారణము. ఈ విషాదము దరిమిలా జరిగిన విచారణలు, చర్చల ఫలితముగా 1968లో కీటకనాశనుల చట్టము వచ్చి, 1971లో అమలైనది. నేడు డబ్బాల మీద కనబడే ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగుల త్రికోణ గుర్తులు ఆ చట్టము క్రింది నియమముల ప్రకారము ముద్రించబడునవే. ఎరుపు అత్యంత విషపూరితము, ఆకుపచ్చ అన్నిటికంటె తక్కువ.

1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారమునుండి విషవాయువు వెలువడి వేలాదిమంది మరణించినారు. అది పురుగుమందు తయారుచేయు కర్మాగారమన్న సంగతి పత్రికల ద్వారా ఇంటింటికి తెలిసినది. 1993లో భారత వైద్య పరిశోధన మండలి ప్రకటించిన అధ్యయనములో 12 రాష్ట్రములనుండి సేకరించిన 2,205 పాల నమూనాలలో సుమారు 82 శాతములో డీడీటీ అవశేషములు కనబడినవి. పొలములోని సంగతి పసిబిడ్డ పాలగిన్నె వరకు వచ్చినదని అప్పుడు స్పష్టమైనది. అంతకుముందే, 1989లో, వ్యవసాయములో డీడీటీ వాడకమును ప్రభుత్వము ఉపసంహరించియున్నది.

కేరళలోని కాసరగోడు కథ రచన యొక్క ఓర్పుకు నిదర్శనము. అక్కడి జీడిమామిడి తోటలమీద 1970ల చివరినుండి 2000 వరకు హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లినారు. వంకర కాళ్లతో పుట్టిన దూడలను చూచి శ్రీపడ్రె అను రైతు-విలేఖరి వ్రాయుట మొదలుపెట్టినాడు. తన గ్రామములోని వింత వ్యాధులను గూర్చి స్థానిక వైద్యుడు మోహన్ కుమార్ వ్రాసినాడు. చాలాకాలము ఎవరును పట్టించుకొనలేదు. తుదకు 2011 మే నెలలో సుప్రీంకోర్టు దేశమంతట ఎండోసల్ఫాన్‌ను నిలిపివేసినది. 2003 ఆగస్టులో ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెంటర్ శీతల పానీయములలో పురుగుమందుల అవశేషములున్నవని ప్రకటించినప్పుడు మాత్రము దేశమంతయు ఒక్కసారి ఉలిక్కిపడినది. 2004లో పార్లమెంటు సంయుక్త సంఘము ఆ ఫలితములను సమర్థించినది. దూడ కాలు వంకరబోతే ముప్పది ఏండ్లు, పట్టణవాసి చేతిలోని సీసాలో కనబడితే ఆరు నెలలు. ఈ తేడాను ఆలోచింపవలెను.

6. తెలుగు నేల: పత్తి చెప్పిన పాఠము

దేశపు సాగుభూమిలో 5 శాతము మాత్రమే ఉండిన పత్తి, ఒక దశలో దేశములో వాడే పురుగుమందులలో దాదాపు సగము త్రాగినది. 1980లలో గుంటూరు, ప్రకాశము జిల్లాలలో సింథటిక్ పైరెత్రాయిడ్లు అను క్రొత్త మందులు వచ్చినవి. మొదట అద్భుతముగా పనిచేసినవి. తరువాత తెల్లదోమ విజృంభించినది. 1987 నాటికి శనగపచ్చ పురుగు మందుకు లొంగుట మానుకొన్నది. కార్సన్ 25 సంవత్సరముల క్రితము వ్రాసినది మన నల్లరేగడిలో అక్షరాల జరిగినది. అప్పులపాలైన రైతుల ఆత్మహత్యల వార్తలు ఆనాడే వచ్చినవి. పదేండ్ల తరువాత 1997-98లో వరంగల్లు జిల్లాలో అదే కథ మరింత భయంకరముగా పునరావృతమైనది. దినపత్రికల జిల్లా పేజీలు, పౌరసంఘముల నిజనిర్ధారణ నివేదికలు ఈ మరణముల వెనుకనున్న విత్తనము, మందు, అప్పు అను గొలుసును ప్రజలకు చూపినవి.

వైద్య పరిశోధకులు 2005లో ప్రచురించిన రెండు అధ్యయనములను పాస్టర్లు తెలిసికొనుట మంచిది. మొదటిది వరంగల్లు ప్రభుత్వ ఆస్పత్రిలో 1997నుండి 2002 వరకు పురుగుమందు విషప్రభావముతో చేరిన 8,040 మందిని గూర్చినది. వారిలో 22.6 శాతము మరణించినారు. 2002 వివరముల ప్రకారము మూడింట రెండువంతులమంది 30 ఏండ్లలోపువారు. తెలిసి త్రాగినవారే ఎక్కువ. రెండవది 2003లో మన రాష్ట్రములోని మూడు గ్రామములలో 50 మంది పత్తి రైతు స్త్రీల చేత, తమకును తమ ఇంటి పురుషులకును పిచికారీ తరువాత కలిగిన బాధలను నమోదు చేయించినది. 323 సందర్భములలో 83.6 శాతములో ఏదో ఒక విషలక్షణము కనబడినది. మందు కలిపి ట్యాంకు నింపు స్త్రీల పని, చల్లు పురుషుల పని వలెనే ప్రమాదకరమని తేలినది. తీవ్రమైన బాధ కలిగినవారిలో సహితము ఎవరును వైద్యుని దగ్గరకు పోలేదు. తినుచున్నవారే కేక వేసినట్లు, ఇక్కడ చల్లుచున్నవారి ఇంటి స్త్రీలే సాక్ష్యము వ్రాసినారు.

ఇక పిండి సంగతి. జపాను రైతు మసనోబు ఫుకువొకా పుస్తకము 'గడ్డిపరకతో విప్లవం' అను పేరున తెలుగులో వచ్చి, మందులు లేని సేద్యము సాధ్యమేనను ఆలోచనను మన పాఠకులకు అందించినది. తెలంగాణ మెట్ట గ్రామములలో ఎర్ర గొంగళి పురుగును మందుతో కాక, తొలకరి వానల తరువాత రాత్రివేళ మంటలు వేసి రెక్కల పురుగులను ఆకర్షించి నిర్మూలించు ప్రయత్నములు జరిగినవి. అప్పటి ఖమ్మము జిల్లా, నేటి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోని పునుకుల గ్రామము 1999నుండి సెక్యూర్ అను స్వచ్ఛంద సంస్థ సహాయముతో క్రమక్రమముగా పురుగుమందులు మానినది. 2004 నాటికి తనను పురుగుమందులు లేని గ్రామముగా ప్రకటించుకొన్నది. ఆ వార్త పత్రికలలో వచ్చిన తరువాత ఇరుగుపొరుగు రైతులు చూడవచ్చినారు. 2005 ప్రాంతమునుండి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘముల ద్వారా ఈ పద్ధతిని అనేక జిల్లాలకు వ్యాపింపజేసినది. 2009 నాటికి 3 లక్షలకు పైగా రైతులు, సుమారు 13 లక్షల ఎకరములలో దీనిని అనుసరించినట్లు ప్రపంచ బ్యాంకు పత్రమొకటి తెలిపినది. 2016నుండి ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమము ఆ బాటలోనే నడచుచున్నది.

పద్ధతులు సామాన్యమైనవి. వేసవి దుక్కులు, వేపగింజల కషాయము, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణము, లింగాకర్షక బుట్టలు, గట్లమీద ఎరపంటగా ఆముదము, బంతి. వీటితోపాటు చేలలో పక్షులు వాలుటకు కర్రలు పాతి స్థావరములు కట్టుట.

7. రచన యొక్క పరిమితులు

ఈ చరిత్రను విజయగాథగా మాత్రమే వ్రాసినయెడల మనలను మనము మోసగించుకొన్నవారమగుదుము. 2002లో బీటీ పత్తి వచ్చిన తరువాత కాయతొలుచు పురుగుకు మందు తగ్గినది. అయితే రసము పీల్చు పురుగులకు మందు కొట్టుట ఆగలేదు, గులాబీ పురుగు కూడ మరల తలయెత్తినది. ఒక మందును నిషేధిస్తే మరియొక పేరుతో వేరొకటి వచ్చినది. చదువురాని కూలీకి డబ్బామీది త్రికోణము ఏమి చెప్పుచున్నదో ఎవరును చెప్పలేదు. పుస్తకము చదివిన పట్టణవాసి తన కూర మట్టుకు సేంద్రియము కొనుక్కొని తృప్తిపడినాడు. మందు కొట్టిన కౌలురైతు చేతులు అట్లే ఉన్నవి.

పురుగుమందులు లేకుంటే పంట ఎట్లు పండునని అడుగు సంఘస్థులు కూడ ఉన్నారు. వారి ప్రశ్నలో నిజాయితీ ఉన్నది. పంట పోతే అప్పు తీర్చవలసినది రైతే గాని, బోధకుడు కాడు. కాబట్టి మానండి అని ఆజ్ఞాపించుట మన పని కాదు. మానినవారు ఉన్నారనియు, ఎట్లు మానినారో చూడవచ్చుననియు తెలియజేయుట మన పని.

8. సంఘము ఎక్కడ?

ఈ వ్యాసము సిద్ధపరచుచున్నప్పుడు మమ్మును ఎక్కువగా బాధించినది ఒక మౌనము. 1987లోను, 1997లోను పత్తి జిల్లాలలో మన సంఘములున్నవి. మన విశ్వాసులలో చాలామంది ఆ పొలములలో కూలీలు, చిన్నరైతులు. మనము సమాధి కార్యక్రమములు జరిపినాము. విధవరాండ్రను ఓదార్చినాము. ఆత్మహత్య పాపమా కాదా అని వాదించినాము. ఇంటి చూరులోనున్న సీసాను గూర్చి మాత్రము ప్రసంగ వేదికలనుండి తగినంతగా మాటలాడలేదని మేము ఒప్పుకొనుచున్నాము. హోషేయ 4:1-3లో ప్రవక్త దేశమందలి సత్యము, కనికరము కొరవడుటకును భూమి ప్రలాపించుటకును, పక్షులును చేపలును నశించుటకును ముడిపెట్టినాడు. ఆదికాండము 2:15లో నరునికి తోటను సేద్యపరచుటతోపాటు కాచుట కూడ అప్పగించబడినది. ఈ వాక్యభాగములు మన చేతిలోనే ఉన్నవి.

చేయదగినవి కష్టమైనవి కావు. ఆదివారపు ఆరాధన తరువాత ఒక పది నిమిషములు, ఖాళీ డబ్బా చూపి రంగు త్రికోణముల అర్థము చెప్పవచ్చును. మందు సీసా ఇంటిలో కాక తాళమువేసిన పెట్టెలో ఉండవలెనని, ఖాళీ డబ్బాలో నీరు, నూనె పోయరాదని స్త్రీల సహవాసములో చెప్పవచ్చును. మిక్కిలి విషపూరితమైన మందులను తొలగించిన తరువాత శ్రీలంకలో 1996నుండి 2005 వరకు ఆత్మహత్యల రేటు దాదాపు సగమునకు తగ్గినది. బాధ తొలగకపోయినను, ఆ క్షణములో చేతికి అందకపోవుటవలన ప్రాణములు దక్కినవి. అప్పులో కూరుకొనియున్న ఇంటికి కోతల తరువాత కాక, తెగులు వచ్చిన వారములోనే వెళ్లు పాస్టరు ఒక ప్రాణమును కాపాడవచ్చును. వేదాంత విద్యార్థులు తమ గ్రామ అనుభవ శిక్షణలో ఈ సాక్ష్యములను సేకరించి తెలుగులో వ్రాయవలెను. ఓల్గా హకిన్స్ వ్రాసినది ఒక ఉత్తరము మాత్రమేనని మరువరాదు.

9. ముగింపు

గిల్గాలులో కేక వేసినవారి పేర్లు గ్రంథము చెప్పలేదు. వారు ప్రవక్తల శిష్యులని మాత్రము చెప్పినది. అనగా నేటి వేదాంత కళాశాల విద్యార్థుల వంటివారు. వారు కేక వేసి ఊరకొనలేదు, దానిని దైవజనునికి చెప్పినారు. దైవజనుడు వారిని గద్దింపలేదు, పిండి తెమ్మన్నాడు.

పునుకుల వంటి గ్రామముల చేలలో రైతులు పాతిన కర్రలమీద ఏట్రింతలు, పాలపిట్టలు వాలి పురుగులను ఏరుకొని తింటవి. కార్సన్ భయపడిన నిశ్శబ్దమునకు అక్కడ జవాబు కొంత దొరికినది. మిగిలిన జవాబు మన సంఘముల చుట్టునున్న పొలములలో వెదకవలసియున్నది.